గీతలక్క తేల్చిన బరువు

మా అబ్జర్వేటరీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. డైరెక్టరు మొదలు గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె గీతలక్కే. నక్షత్రం నుంచి వచ్చే వెలుగును విడదీస్తే ఇంద్రధనుస్సులా రంగుల పట్టీ ఒకటి పరుచుకుంటుంది. ఆ పట్టీలో అక్కడక్కడా సన్నటి నల్లగీతలుంటాయి. అవి ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగాయో కొలిస్తే, నక్షత్రం మనవైపు వస్తోందో, మననుంచి దూరంగా పోతోందో, ఎంత వేగంతో పోతోందో తెలుస్తుంది. ఆ కొలిచే పని ఆమెది. నేను చెప్పే కథ నాటికి ఇరవై ఏడేళ్ళుగా అదే పని.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా తండ్రి పోయాడు. చదువు అటకెక్కింది. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగమంటే వచ్చి చేరింది. అప్పట్లో ఫోటో పలకల మీద గీతల్ని సూక్ష్మదర్శినిలో చూసి, పక్కనున్న మర తిప్పుతూ కొలిచేవారు. ఆ గదిలో నలుగురుండేవారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మిగతా ముగ్గురూ వేరే విభాగాలకు వెళ్ళిపోయారు. గీతలక్క మాత్రం కదలలేదు. ఒకసారి సెలవుల్లో కూర్చుని ఆ కంప్యూటరు పనీ నేర్చేసుకుంది. వెలుగు బాగా ఉన్న నక్షత్రాల సంగతి యంత్రమే చూసుకునేది. మసకగా, గీత ఉందో లేదో తెలియకుండా ఉన్నవన్నీ కింది అంతస్తులో వరండా చివరి గదికే వచ్చేవి. అక్కడ ఒక స్టీలు బీరువా, రెండు తెరలు, కిటికీ పక్కన కాలు విరిగితే తీగతో కట్టిన కుర్చీ. నేను ఎదురుగదిలో గ్రంథాలయం చూసుకునేవాణ్ణి కాబట్టి ఈ కథలో చాలావరకు నా కళ్ళముందే జరిగింది, మిగతాది గీతలక్కే చెప్పింది.

సంగతి ఒక మసక నక్షత్రంతో మొదలైంది. కొన్నేళ్ళ కిందట ఆకాశంలో ఒకచోట ఉన్నట్టుండి ఎక్స్‌రేలు భగ్గుమన్నాయి. ఉపగ్రహాలు పట్టుకున్నాయి. కొన్ని నెలల్లో ఆ మంట చల్లారింది. చల్లారాక చూస్తే అక్కడ నారింజ రంగు నక్షత్రం ఒకటి, మినుకుమినుకుమంటూ, కనిపించనిదాని చుట్టూ తిరుగుతోంది. ఆ కనిపించనిది నక్షత్రం ఒంటిమీది వాయువును లాక్కుంటోంది. లాక్కున్నది సుడులు తిరుగుతూ లోపలికి పడేటప్పుడు వేడెక్కి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నదే. ఆ కనిపించనిది ఏమిటన్నదే ప్రశ్న. చచ్చిపోయిన నక్షత్రాల్లో న్యూట్రాన్ నక్షత్రమనేది ఒకటుంది. అది సుమారు మూడు సూర్యుల బరువు దాటితే తన బరువు తానే మోయలేదు. కాబట్టి అక్కడున్నది మూడు దాటి తూగితే అది కృష్ణబిలమే. దాటకపోతే ఏదీ గట్టిగా చెప్పలేం.

ఈ సంగతి ఒకరోజు భోజనాల దగ్గర గీతలక్క అత్తగారికి చెప్పింది. ఆవిడ నోటికి భయపడి పక్కింటివాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారట.

"కనపడనిదాన్ని ఎలా తూస్తావే?" అంది అత్తగారు.

"అది కనపడదు గానీ, దాని చుట్టూ తిరిగే నక్షత్రం కనపడుతుంది కదత్తయ్యా. అదెంత జోరుగా తిరుగుతోందో, ఒక చుట్టుకి ఎంతసేపు పడుతోందో చూస్తే చాలు, మధ్యలో ఉన్నది ఎంత బరువో లెక్క కట్టచ్చు."

అత్తగారు పెరుగు వడ్డించుకుంటూ, "అంటే కోడలి పరుగు చూసి అత్త బరువు చెప్పడం అన్నమాట" అంది.

మర్నాడు ఈ మాట మా దగ్గర చెబితే కాఫీగది మొత్తం పగలబడి నవ్వింది. ప్రొఫెసర్‌గారు కూడా నవ్వారు. ఆ నక్షత్రం ఆయనదే. అంటే, దాన్ని గమనించే బృందానికి పెద్ద ఆయన. మాటకు కట్టుబడే మనిషి, పనిలో కచ్చితం, కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడేళ్ళపాటు, ఆ నక్షత్రం కనిపించే కాలంలో, రాత్రి తొమ్మిదికి ఒక గంట టెలిస్కోపు ఆయనకిచ్చేవారు. అలా నలభై ఒక్క ఫ్రేములు, అంటే ఆ రంగుల పట్టీ చిత్రాలు, పోగయ్యాయి. అన్నిటినీ గీతలక్కే కొలిచింది. నక్షత్రం వేగం సెకనుకు నాలుగు వందల కిలోమీటర్లు. ఒక చుట్టుకు తొమ్మిది గంటల ఇరవై ఏడు నిమిషాలు. ఆ లెక్కన కనిపించనిదాని బరువు తక్కువలో తక్కువ రెండున్నర సూర్యుల పైచిలుకు. మూడు దాటలేదు. "ఇది ఏమిటో నిర్ధారించలేం" అని ప్రొఫెసర్‌గారు వ్యాసం రాసి పెట్టుకున్నారు. మూడు వారాల్లో పంపాలి.

వ్యాసం చివరి పట్టిక సరిచూడమని గీతలక్క దగ్గరికి వచ్చింది. అందులో రెండు ఫ్రేములకు ఎదురుగా చిన్న చుక్క పెట్టి "పొరపాటు కొలత" అని ఉంది. ఆ చుక్కలు చూసి ఆమె ఊరుకోలేకపోయింది. తను కొలిచినవి. మళ్ళీ కొలిచింది. అదే అంకె వచ్చింది. పొరపాటు తనది కాదు.

ఆ రెండు ఫ్రేములూ ఎప్పుడు తీశారా అని చూసింది. మిగతా ముప్పైతొమ్మిదీ రాత్రి తొమ్మిదికి తీసినవి. ఈ రెండూ మాత్రం మబ్బుల వల్ల నలభై నిమిషాలు ఆలస్యంగా తీసినవి.

ఆ సాయంత్రం ఇంట్లో వంకాయలు తరుగుతూ భర్తతో చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఊరిచుట్టూ తిరిగే రూటు.

"రోజూ ఒకే టైముకి చూస్తున్నాం ఆ నక్షత్రాన్ని. ఇవాళ ఈ చివర ఉంటే రేపు సుమారు ఆ చివర ఉంటోంది. ఈలోగా రెండున్నర చుట్లు తిరిగిందని లెక్క వేశారు."

"ఒకటిన్నరే తిరిగిందేమో" అన్నాడు ఆయన, బూట్లు విప్పుకుంటూ.

ఆమె కత్తి ఆపింది.

"మా చెకింగాయన గోలే ఇది" అన్నాడు. "రోజుకోసారి స్టాపులో నిలబడి నా బస్సు చూసి ఇన్ని ట్రిప్పులని రాసుకుంటాడు. మధ్యలో ఎన్ని తిరిగానో ఆయనకేం తెలుసు? పొద్దున్నుంచి నాతోపాటు కూర్చుంటే తెలుస్తుంది."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికల్లా గది తలుపు తీసింది. రోజుకి ఒక చుట్టు తగ్గించి కంప్యూటరుతో లెక్క కట్టించింది. ఒక చుట్టుకు పదిహేను గంటల ముప్పైయారు నిమిషాలని వచ్చింది. ముప్పైతొమ్మిది ఫ్రేములూ ఇంతకుముందు ఎంత బాగా కుదిరాయో ఇప్పుడూ అంతే బాగా కుదిరాయి. చుక్క పెట్టిన రెండూ కూడా వచ్చి చక్కగా వరసలో కూర్చున్నాయి. ఆ లెక్కన బరువు తక్కువలో తక్కువ నాలుగు దాటుతుంది.

కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళింది. పావుగంటలో తిరిగొచ్చింది. ఆమె నా బల్ల దగ్గర ఆగితే, "ఏమన్నారు?" అని అడిగాను.

"రెండు ఇటుకలు పట్టుకొచ్చి ఇల్లు కట్టమంటున్నావమ్మా అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ తప్పులేదు. ఆ రెండు ఫ్రేముల మీదే ఇంత మాట అనలేం. నక్షత్రం మళ్ళీ కనిపించేది ఐదు నెలలకి. అప్పటిదాకా వ్యాసం ఆపనన్నారు."

"మరి?"

"ఏదో ఒక రాత్రి మొదటి నుంచి చివరిదాకా దాన్నే చూసి ఉండాలి. ఒక్క రాత్రి చాలు." అంటూ ఆమె నా వెనకున్న బీరువాకేసి చూసింది. టెలిస్కోపు దినచర్య పుస్తకాలన్నీ అందులోనే ఉండేవి.

మూడేళ్ళ పుస్తకాలూ కింద పరుచుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం నాలుగింటికి ఆమె వేలు ఒకచోట ఆగింది. గుండ్రటి అక్షరాలు. "అవతలి బృందం పరికరం పాడైంది. రాత్రంతా మన నక్షత్రం మీదే ఉంచాను. తొమ్మిది నుంచి మూడు దాకా గంటకొకటి, ఏడు ఫ్రేములు. కొలత దీపం వెలగలేదు." దాని కింద ఎర్రసిరాతో అడ్డంగా ఒక్క మాట: "పనికిరావు."

కొలత దీపమంటే టెలిస్కోపు పక్కనే ఉండే చిన్న దీపం. దాని గీతలు ఎక్కడుంటాయో ముందే తెలుసు కాబట్టి, వాటిని స్కేలులా పెట్టుకుని నక్షత్రం గీతల్ని కొలుస్తారు. దీపం లేకపోతే స్కేలు లేనట్టే.

ఆ గుండ్రటి అక్షరాలు గుడ్లగూబ బాబాయివి. ముప్పైయేళ్ళు రాత్రిళ్ళు టెలిస్కోపు నడిపి రిటైరైన ఆపరేటరు ఆయన. ఆ ఏడు ఫ్రేములకు టెలిస్కోపు సమయం వృథా చేశారని ఆయనకొక మెమో ఇచ్చారు. ఆ తర్వాత ఏడాదికే రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి కూడా రాలేదు.

ఆదివారం గీతలక్కా నేనూ ఆయన ఇంటికి వెళ్ళాం. రెండు గదుల వాటా. పిన్నిగారు టీ పెట్టింది. బాబాయికి చెవి కాస్త మందగించింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగింది.

"బాబాయ్, ఆ రాత్రి గడియారం సరిగ్గానే ఉందా?"

"సాయంత్రమే రేడియో టైముతో సరిచూశాను. రోజూ చూసేవాణ్ణి."

"మధ్యలో పరికరం ఏమన్నా కదిపారా?"

"దీపం కోసం ఒకసారి మూత తీశాను. బల్బు మాడిపోయింది. స్టోరుకి తాళం. ఎవర్ని లేపను? మూత పెట్టేసి నా పని నేను చేసుకుపోయాను." టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "దీపం మాడితే నక్షత్రం మాడుతుందా అమ్మాయ్? ఉన్నదున్నట్టు పట్టాను. దానికే కదా నాకు కాగితం చేతికిచ్చారు."

"ఆ కాగితం సంగతి చూద్దాం బాబాయ్" అంది గీతలక్క.

స్కేలు లేకుండా కొలవడమెలా అన్నది ఆమె దారిలోనే తేల్చుకుంది. మా అబ్జర్వేటరీని కొండ మీద కట్టినప్పుడు చుట్టూ ఖాళీ నేల. తర్వాత ఊరు పెరిగి కొండ మొదలుదాకా వచ్చేసింది. వీధిదీపాల వెలుగు ఆకాశంలోకి ఎగదన్ని ప్రతి ఫ్రేములోనూ పడేది. ఆ వెలుగుకీ గీతలుంటాయి, పసుపువి కొన్ని, ఊదావి కొన్ని. పైగా రాత్రివేళ మన గాలే సన్నగా ఆకుపచ్చగా వెలుగుతుంది. దానికీ ఒక గీత ఉంది. ఇవన్నీ నక్షత్రం వెలుగులో కలిసిన చెత్త అని అందరూ తిట్టుకునేవాళ్ళు. ఆ చెత్తను ఏరి పారేయడమే ఇరవై ఏడేళ్ళుగా గీతలక్క మొదటి పని. ఏ గీత ఎక్కడుంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. వీధిదీపం ఎక్కడికీ పరుగెత్తదు. దాని గీత ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. స్కేలుకు అంతకన్నా ఏం కావాలి?

అయినా తొందరపడలేదు. ముందు మంచివైన నలభై ఒక్క ఫ్రేముల్నీ దీపం లేనట్టే అనుకుని, వీధిదీపాలతోనూ గాలి గీతతోనూ కొలిచింది. పాత కొలతలతో పోల్చింది. ఇరవై కిలోమీటర్లకు మించి తేడా రాలేదు. ఆ ఒక్క పనికే వారం పట్టింది. ఆ వారమంతా అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళిన రోజులున్నాయి. "నక్షత్రాలు తిని బతుకుతున్నావా?" అని అత్తగారు కోప్పడి, చివరికి కొడుకు చేతికే డబ్బా ఇచ్చి, తినేదాకా అక్కడే నిలబడమని పంపింది. ఆయన యూనిఫాంలోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పన్నెండో రోజున నన్ను పిలిచింది.

"మీరొక సాయం చెయ్యాలి. ఈ ఏడు ఫ్రేముల మీద టైము కనపడకుండా చేసి, వరస కలిపేసి ఇవ్వండి. ఏది ఏ గంటదో నాకు తెలియకూడదు. తెలిస్తే నా కన్ను నాకే అబద్ధం చెబుతుంది."

పేక కలిపినట్టు కలిపి ఇచ్చాను. ఏది ఏ గంటదో ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. రెండు రోజులు కొలిచింది. ఏడు అంకెలు ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, "ఇప్పుడు తియ్యండి మీ కాగితం" అంది.

అసలు విషయం ఇది. ఆ రాత్రి తొమ్మిదికి నక్షత్రం మననుంచి గరిష్ఠ వేగంతో దూరంగా పోతోంది. చుట్టుకు తొమ్మిదిన్నర గంటలైనా, పదిహేనున్నర గంటలైనా అది మారదు. తెల్లవారుజాము మూడింటికి కూడా రెండు లెక్కలూ దాదాపు ఒకేమాట చెబుతాయి. అంతా మధ్యలోనే ఉంది. చిన్న చుట్టయితే రాత్రి ఒంటిగంటకి నక్షత్రం మనవైపు మూడు వందల యాభై కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తూ ఉండాలి. పెద్ద చుట్టయితే ఆ సమయానికి అది ఇటూ రాదు, అటూ పోదు, అడ్డంగా దాటుతూ ఉంటుంది.

నేను ఒక్కో గంటా చదివాను. ఆమె ఒక్కో అంకెకు ఎదురుగా రాసింది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. వేగం మెల్లగా దిగుతూ వస్తోంది. "ఒంటిగంట, మూడో ఫ్రేము" అన్నాను. ఆమె రాయలేదు. కాగితం నావైపు తిప్పింది. మూడో ఫ్రేముకు ఎదురుగా ఇరవై ఒకటి అని ఉంది.

మూడు వందల యాభై కాదు. ఇరవై ఒకటి.

గీతలక్క లేచి కిటికీ తెరిచింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఒకటిన్నరే తిరిగింది" అంది. తర్వాత నవ్వింది, గదంతా వినపడేలా.

ప్రొఫెసర్‌గారు ఈసారి ఆమెను కూర్చోమన్నారు. కాగితాలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివారు. రెండు రోజులు గడువడిగి, ఒంటిగంట ఫ్రేమును తన చేత్తో తనే కొలుచుకున్నారు. మూడో రోజు ఆయనే వరండా చివరి గదికి వచ్చారు. అలా రావడం అదే మొదలు.

"ఆ ఎర్రసిరా నాదే గీతలక్కా" అన్నారు. అప్పటిదాకా ఆయనొక్కరే ఆమెను ఏమ్మా అని పిలిచేవారు.

"తెలుసు సార్."

"వ్యాసం ఆపేశాను. నక్షత్రం కనిపించే కాలం రాగానే ఒక పూర్తి రాత్రి అడిగాను. ఇచ్చారు. అప్పటికి ఏ గంటకి వేగం ఎంతుండాలో నువ్వు ముందే రాసిపెట్టు. అందరూ చూసేలా."

ఐదు నెలల తర్వాత ఆ రాత్రి వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె నోటీసు బోర్డుకు ఒక కాగితం గుచ్చింది. ఎనిమిది గంటలు, ఎనిమిది అంకెలు. మర్నాడు పొద్దున్న పదింటికి ఫ్రేములు ఆమె తెర మీదికి వచ్చేసరికి వరండాలో నిలబడ్డానికి చోటు లేదు. వర్క్‌షాపు వాళ్ళు, తోటమాలి, డైరెక్టరు, అందరూ వచ్చారు. ఆమె ఒక్కో అంకె కొలిచి చెబుతుంటే, గుమ్మంలో ఉన్నవాళ్ళు వెనకవాళ్ళకి, వాళ్ళు బోర్డు దగ్గరున్నవాళ్ళకి అందించారు. బోర్డు దగ్గర నుంచి "సరిపోయింది" అన్న మాట వెనక్కి వచ్చేది. ఎనిమిదిసార్లు వచ్చింది. ఎనిమిదోసారి తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ చప్పట్లు మేడ మీదిదాకా వినపడ్డాయి.

అంతటితో ఆగలేదు. అంత దగ్గరగా తిరగడం వల్ల ఆ నక్షత్రం గుడ్డులా సాగి ఉంటుంది. తిరిగేటప్పుడు దాని వెలుగు కాస్త హెచ్చుతూ కాస్త తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి దాని దారి మనకి ఎంత వాలుగా ఉందో తేలింది. వాలు తెలిశాక అసలు బరువు తేలింది. సుమారు ఏడు సూర్యులు. ఎవరూ మారుమాట్లాడే అవకాశమే లేదు. అది కృష్ణబిలం.

వ్యాసం మీద మొదటి పేరు గీతలక్కది. పేర్ల వరస మీద ఎవరో గొణిగితే, "తూచినవాళ్ళ పేరే ముందుంటుంది" అని ప్రొఫెసర్‌గారు మాట తెంచేశారు. రెండో పేరు బాబాయిది. ప్రొఫెసర్‌గారే స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి, పాత మెమో రద్దయినట్టు డైరెక్టరు సంతకం చేసిన ఉత్తరం ఇచ్చి, క్షమించమని అడిగి వచ్చారు. బాబాయి ఉత్తరం రెండుసార్లు చదివి, "కూర్చోండి, టీ తాగి వెళ్ళండి" అన్నాడట.

ఆ ఏడాది జరిగిన ఖగోళ శాస్త్రవేత్తల పెద్ద సభలో ఈ సంగతి చెప్పడానికి ఆమెనే పంపారు. భర్త డ్యూటీ మార్పించుకుని వచ్చాడు. అత్తగారు మొదటి వరసలో కూర్చుంది. గీతలక్క ఇరవై నిమిషాలు మాట్లాడింది. తొణకలేదు. ప్రశ్నల దగ్గర పెద్ద పేరున్న శాస్త్రవేత్త ఒకాయన లేచి, వీధిదీపాలను స్కేలుగా వాడిన పద్ధతిని మెచ్చుకుని, "మీరు ఏ విశ్వవిద్యాలయంలో చదివారు?" అని అడిగాడు.

"చదువు మధ్యలో ఆగిపోయిందండీ. మిగతాది మా అబ్జర్వేటరీలో కింది అంతస్తు, వరండా చివరి గదిలో" అంది.

హాలు లేచి నిలబడింది. అత్తగారు పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "మా కోడలు" అని చెప్పింది. ఆయనకి అప్పటికే తెలుసు. అయినా మళ్ళీ చెప్పింది.

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు కొత్తగా పరిశోధనకు చేరినవాళ్ళని మొదటి నెలంతా గీతలక్క దగ్గరే కూర్చోబెడుతున్నారు. గీత ఉన్నచోట ఉందనడం, లేనిచోట లేదనడం ఆమె వాళ్ళకు నేర్పుతుంది. కనిపించనివాటిని ఇప్పటికి ఐదింటిని తూచింది. ఆరోదాని ఫ్రేములు మొన్న సోమవారమే వచ్చాయి.